మూడు కుట్లు

హలో, వినపడుతోందా అండీ? అందరూ కులాసాయేనా? పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి వచ్చేయండి, చిన్న కథే.

"బావా, నువ్వా అంట్లు తోముతున్నది?" బావమరిది గుమ్మంలోనే ఆగిపోయాడు.

టైలరు మాస్టారు చేతుల నిండా నురగతో ఉన్నాడు.

"మిషను ముందు కూర్చుంటే కుదురు లేదట. అందుకే సింకు పట్టారు," అంది ఇల్లాలు కుర్చీలోంచి. "మొన్న పక్కింటి టీచరమ్మ జాకెట్టుకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టారురా."

"ఆవిడేమంది?"

"రెండో చెయ్యి ఎక్కడ దాచుకోను మాస్టారూ, అంది."

అక్కాతమ్ముళ్ళు పగలబడి నవ్వారు. మాస్టారు మాత్రం గిన్నె అరిగిపోయేలా రుద్దుతూనే ఉన్నాడు.

అసలు సంగతి ఇదీ. ముంజేతి మీద ఒక నల్లమచ్చ ఉన్నట్టుండి పెరగడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపింది. కోసినచోట మూడు కుట్లు వేసింది. ఫలితం ఇంకా రాలేదు. మాస్టారికి తిండి సహించడం లేదు, మిషను మీద కప్పిన గుడ్డ తియ్యబుద్ధి కావడం లేదు.

"మిఠాయి తెచ్చాను, నోరు తీపి చేసుకో బావా."

"ఫలితం వచ్చేదాకా ముట్టను."

"అయితే ఆయన వాటా కూడా ఇటివ్వు," అని పొట్లం లాక్కుంది ఇల్లాలు.

"గాయం మానేలోపు నువ్వు ఎండు పుల్లవయ్యేలా ఉన్నావు బావా. అక్కని చూసి నేర్చుకో. రాయిలా ఉంది."

"రాయి కాదు, మొండిఘటం," గొణిగాడు మాస్టారు.

అంతలో టీచరమ్మ వచ్చింది, విప్పి మళ్ళీ కుట్టాల్సిన జాకెట్టు పట్టుకుని. ఇల్లాలిని చూడగానే వచ్చిన పని మరిచిపోయింది.

"అక్కా, ఈ వదులు చేతులు భలే ఉన్నాయే. కొత్త ఫ్యాషనా? మాస్టారూ, నాదీ ఇలాగే కుట్టండి."

"ఆ మోడల్ ఇంకెవరికీ కుట్టను," అన్నాడు మాస్టారు.

"అబ్బో, పెళ్ళానికొక్కదానికేనా? విన్నావా అక్కా, ఈ వయసులో ఎంత ముచ్చటో."

ఇల్లాలు నోటి నిండా మిఠాయితో నవ్వింది.

సాయంత్రం ఆలుమగలిద్దరూ కిటికీ వెలుగులో కూర్చున్నారు. కట్టు విప్పగానే మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఎర్రగా ఉంది."

"మానేముందు అలాగే ఉంటుందండీ. దురద మొదలైందంటే మానుతున్నట్టే."

"కుట్లు చూడవే, ఎంత దూరందూరంగా ఉన్నాయో. తొలి రోజు పనిలో చేరినవాడు కూడా ఇలా వెయ్యడు. నేనైతే మధ్యలో ఇంకో రెండు వేద్దును."

"వేస్తారు, వేస్తారు. పనిలో పనిగా గుండీ కూడా పెట్టండి."

మాస్టారికి నవ్వు ఆగలేదు. నవ్వుతుంటేనే కళ్ళు నిండాయి. "అది చెడ్డదైతే ఏం చేద్దామే?"

"అప్పుడు చూద్దాం. ముందు కట్టు బిగించండి."

మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వెంటనే ఇద్దరూ బయల్దేరారు.

డాక్టరమ్మ వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, వెంటనే చెప్పేసింది. "భయమేం లేదు. ఉత్త మచ్చే."

మాస్టారు లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "మరి గాయం? అది మానుతుందా అమ్మా? మీరేమీ అనుకోనంటే, ఆ కుట్లు మరీ దూరంగా పడ్డాయి."

"గుడ్డ తనంతట తాను అతుక్కోదు మాస్టారూ. చర్మం అతుక్కుంటుంది." డాక్టరమ్మ నవ్వుతూ కత్తెర అందుకుంది. "ఏదీ, కుట్లు తీసేద్దాం."

కథ నచ్చితే పదిమందికీ పంపండి. ఈ చివరి ముక్క మాత్రం చెప్పకండి, వాళ్ళే వింటారు.

ఇల్లాలు తన వదులు చేతిని పైకి మడిచి, కట్టున్న ముంజేయి చాపింది.