రెండో బల్ల

చివరి రోజు ఆసుపత్రి మంచం మీద కూడా నా భార్య ఫోన్‌లో బైండరుతోనే మాట్లాడింది. ఉద్యోగం మానేసి ముందుగదిలో సొంతంగా పుస్తకాల బైండింగు మొదలుపెట్టినప్పటి నుంచి పని నేర్పిన ఆయనతోనే కబుర్లు, నాతో పొడి మాటలు. నన్ను చూడగానే గొంతు తగ్గించింది. ఒళ్ళు మండి బయటికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి ఆమెలో ఊపిరి లేదు.

ఈ రోజు బైండరు ఒక ఎత్తైన బల్ల తెచ్చి, ముందుగదిలో ఆమె పనిబల్ల పక్కన దించాడు.

"ఎవరు తెమ్మన్నారు?" అన్నాను.

"చెల్లెమ్మే, బావగారూ. మీకు నడుం నొప్పట కదా, వంగకుండా అట్టలు అంటించాలంది. 'ఆయన్నీ ఉద్యోగం మాన్పించి నా పక్కనే పెట్టుకుంటా. ముందే చెప్పావో, చంపేస్తా అన్నయ్యా' అంది. ఆవేళ ఆసుపత్రి నుంచి ఫోన్‌లో చెప్పింది కూడా ఈ బల్ల ఎత్తు గురించే."

రేపు ఉదయం ఆఫీసులో రాజీనామా ఇచ్చి, పని నేర్చుకోవడానికి అతని దగ్గరికే వెళతాను.