అత్తగారి సగం

కోర్టు అమీను వేలం నోటీసు తలుపు మీద అంటించబోతుంటే అత్తగారు అడ్డం వచ్చింది.

"తలుపుకి మొన్ననే రంగు వేయించాం నాయనా. కాస్త ఆ గోడకి అంటించుకో."

అమీను మొహమాటపడి గోడకే అంటించి వెళ్లిపోయాడు. పక్కనే నిలబడ్డ అల్లుడికి తల కొట్టేసినట్టయింది. దివాలా తీసింది అతని ఫర్నిచర్ షాపు. ఇల్లు మాత్రం అత్తా అల్లుళ్లిద్దరిదీ, చెరి సగం. సగం ఇంటిని కొనే నాథుడు ఎవడూ ఉండడు కాబట్టి మొత్తం అమ్మేసి, ఆవిడ వాటా ఆవిడకి ఇమ్మంది కోర్టు. అభ్యంతరం ఉందా అని జడ్జి అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపింది. నలుగురిలో తన పరువు కాపాడ్డానికే అలా ఊపిందని అల్లుడికి గట్టి నమ్మకం.

మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి ఒక జంట వచ్చింది. అత్తగారే దగ్గరుండి అన్నీ చూపించింది.

"వంటింట్లోకి ఎండ బాగా వస్తుందమ్మా. కిటికీ రెక్క ఒక్కటే కాస్త బిగుతు. ఇలా పైకెత్తి లాగాలి."

వాళ్లు మేడ ఎక్కగానే అల్లుడు ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నన్ను నాలుగు తిట్టండి అత్తయ్యా."

"ఎందుకు బాబూ?"

"షాపు మూసేశాక కూడా నోరు విప్పలేదు. మీరు కట్టిచ్చిన క్యారియర్ పట్టుకుని రోజూ షాపుకే వెళ్తున్నట్టు బయల్దేరేవాణ్ని. పార్కులో కూర్చుని తినేవాణ్ని. చివరికి మిమ్మల్ని రోడ్డున పడేశాను. మీరిలా మామూలుగా తిరుగుతుంటే నాకు ముద్ద దిగట్లేదు."

"రోడ్డునేం పడలేదులే. నా వాటాతో చిన్న ఫ్లాట్ చూసుకున్నా. మాట కూడా అయిపోయింది."

అతను ఆవిడ రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"మంచి పని చేశారు. నేను మాత్రం అందులో అడుగు పెట్టను అత్తయ్యా. ఇంకా మీ నీడన బతకడానికి నాకు మొహం చెల్లదు. నేనూ మీ అమ్మాయీ ఎక్కడో ఒక గది అద్దెకి తీసుకుంటాం. ఈ వయసులో మీరు ఒక్కరూ ఎలా ఉంటారన్నదే నా బెంగ."

అత్తగారు మెల్లగా చేతులు విడిపించుకుంది. పొద్దుట్నుంచీ తొణకని మనిషి, అతని మొహంలోకి చూడలేకపోయింది.

"ఒక్కదాన్నే ఎందుకుంటాను బాబూ? అమ్మాయి నాతో వచ్చేస్తోందిగా... నీకింకా చెప్పలేదా?"