పన్నెండు మాటలు

"అక్కా, నీ పుట్టినరోజుకి నేనిచ్చిన బిట్‌కాయిన్ అమ్మెయ్యాలే. ఇచ్చింది తిరిగి అడగడానికి నోరు రావట్లేదు. కానీ నా ఆపరేషన్‌కి ఇంకో దారి లేదు," అన్నాడు తమ్ముడు ఆసుపత్రి మంచం మీద ఆయాసపడుతూ.

"నోర్ముయ్. నీ ప్రాణం కంటే ఎక్కువా?"

"అప్పుడు కాగితం మీద రాసిచ్చిన పన్నెండు ఇంగ్లీషు మాటలున్నాయిగా? అదే వరుసలో ఫోన్లో కొడితేనే డబ్బు చేతికొస్తుంది. నీకిచ్చాక నీదేనని నేను నకలు కూడా ఉంచుకోలేదు."

"ఒక్కటీ పోలేదురా. భద్రంగా ఉన్నాయి," అంది అక్క.

వరండాలో బల్ల మీద కూర్చుని సంచీలోంచి ఆ మాటలు రాసుకున్న కార్డులు తీసింది. చూసి ఫోన్లో కొట్టింది. తప్పంది ఫోను. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. 'అదే వరుసలో' అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఏళ్ల తరబడి లైబ్రరీలో కార్డులు సర్దిన చెయ్యి ఆమెది. తమ్ముడి కోడిగీతలు చూడలేక పుట్టినరోజునాడే ఒక్కో మాటనీ ఒక్కో కార్డు మీద గుండ్రంగా రాసుకుని, ఆ కాగితం చింపేసింది. అలవాటు కొద్దీ కార్డుల్ని అక్షరక్రమంలో పేర్చింది. మొదటిది యాపిల్. చివరిది జీబ్రా.

జీబ్రాని ముందుకు తెచ్చి కొట్టింది. యాపిల్‌ని మధ్యలో పెట్టి కొట్టింది. పన్నెండు కార్డుల్ని కోట్ల రకాలుగా పేర్చొచ్చు.

మరదలు బయటికొచ్చి పక్కన కూలబడింది.

"ఇన్నాళ్లకి హాయిగా నిద్రపోయారు, వదినా. మా అక్క సర్దిపెట్టిందంటే ఇంక నాకు బెంగ లేదన్నారు."