రెండూ నాలుగూ కలిపితే

తొర్రూరులోని ఒక పిల్లల దవాఖానలో యుగేందర్ బిడ్డకు సెలైన్ ఎక్కించబోతున్నారు.

నెలల పిల్ల. వాంతులతో, జ్వరంతో వాడిపోయింది.

గంటకు ఎంత ఎక్కించాలో అక్కడ కంప్యూటరే లెక్కగట్టి చెప్తుంది. ఆ ప్రోగ్రాం రాసింది యుగేందరే.

వరండాలో కూర్చున్న ఒక ముసలమ్మ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. కంప్యూటర్ మాట నమ్మొద్దని, నర్సును చేత్తో లెక్క చూడమని అడగమని బతిమాలింది.

పొద్దటి నుంచి వచ్చినవాళ్లందరికీ అదే చెప్తోందట. ఎందుకని అడిగితే ఏడుపే తప్ప మాట రాదు. మతి చెడిందనుకుని నర్సు వనజ అప్పటికే ఆమెను బయటికి పంపించింది.

"అది రాసింది నేనే అవ్వా. తప్పు రాదు," అన్నాడు యుగేందర్ చిరాగ్గా.

ముసలమ్మ చెయ్యి వదిలేసింది.

అతని మొహంలోకి తేరిపార చూసింది.

తర్వాత లోపలికి పోయి వనజ కాళ్లు పట్టుకుంది.

"ఒక్కసారి చేత్తో లెక్కగట్టు బిడ్డా. గా పిల్ల మొఖం జూసి."

పీడ వదిలించుకుందామని వనజ లెక్క చూసింది. కిలో బరువుకు గంటకు మామూలుగా ఎక్కించేది రెండు మిల్లీలీటర్లు, వాంతులకు అదనంగా నాలుగు. మొత్తం ఆరు.

తెర మీద ఇరవై నాలుగు అని ఉంది.

ఆమె చెయ్యి సెలైన్ పైపు మీదే ఆగిపోయింది.

యుగేందర్ ప్రోగ్రాం తెరిచాడు.

తెర మీది గడిలో వనజ టైపు చేసిన రెండును కంప్యూటర్ అక్షరం అనుకుంది. ప్రోగ్రాం తానే లెక్కగట్టిన నాలుగు నిజంగా అంకే. అక్షరం పక్కన పడేసరికి దాన్నీ తనంతట తానే అక్షరంగా మార్చేసుకుంది. రెంటినీ కూడకుండా పక్కపక్కన అతికించింది. తప్పని ఒక్క మాట చెప్పలేదు.

అదనం అక్కర్లేని పిల్లలకు కూడిక పనే పడదు. అందుకే ఇక్కడ ఇన్నాళ్లూ బయటపడలేదు.

వనజ ఆరు లెక్కనే సెలైన్ మొదలుపెట్టింది.

ముసలమ్మ కోసం వరండాలోకి పరుగెత్తాడు. లేదు. బస్టాండు దాకా పోయాడు. ఆమె ఎక్కిన మరిపెడ బస్సు అప్పుడే కదిలిపోయిందన్నారు.

తిరిగొచ్చేసరికి వనజ గుమ్మంలో నిలబడి ఉంది. ముసలమ్మ పోయేముందు తనతో మాట్లాడిందని చెప్పింది.

ఎవరామె అని అడిగాడు.

వనజ అతని కళ్లలోకి చూడలేకపోయింది.

"మరిపెడల గూడ మీ ప్రోగ్రామే పెట్టిండ్రు గద సార్. పోయిన నెల ఆడ సెలైన్ ఎక్కుతుంటనే పానం పోయిన పిలగానికి నాయినమ్మట."