పది నిమిషాల నడక

బరువు చూసే మిషన్ మీద నుంచి ఖాసింబీ నీరసంగా దిగింది.

"రెండు నెల్ల నుంచి దినామూ పది నిమిషాలు వగరుస్తా నడిస్తి. ఒక్క కిలో అన్నా తగ్గలేదే! ఇంక నా వల్ల కాదు."

"విడవద్దని డాక్టరమ్మ చెప్పింది గదత్తా," అంది కోడలు రిజ్వానా.

"ఆయమ్మకేం, చెప్తాది. నడిచేది నేను గదా!"

పొద్దు గుంకగానే మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినబడింది. ఖాసింబీ ముఖం, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, ఆ విసుగుతోనే చాప పరిచి నమాజుకు నిలబడింది.

మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా ఆమె కుర్చీలోనే నమాజు చదువుతోంది. రిజ్వానా కుర్చీ తెచ్చేసరికి అత్త నుదురు నేలకు ఆని ఉంది. తర్వాత ఏ ఆసరా లేకుండానే పైకి లేచింది.

నమాజు ముగించాక ఖాసింబీ కోడలి చేతిలోని కుర్చీని చూసింది. తన మోకాళ్లు తడిమి చూసుకుంది.

"ఆడే ఉండనీ తల్లీ. రేపు నడిచొచ్చినాక కూలబడేకి కావల్ల."