క్లారా పక్కన చోటు

ఇద్దరూ కలిసి వెళ్ళాల్సిన యూరప్‌కి క్లారా ఒక్కతే వెళ్ళింది. యూనివర్సిటీలో ఒక సబ్జెక్టు తప్పి, మళ్ళీ పరీక్ష రాయాల్సిన నీరజ, కానింగ్ వేల్‌లో ఇద్దరూ కలిసుండే అద్దె ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయింది.

"నీకోసం పక్కన చోటు వదిలి ఫోటో దిగుతాలేవే. నిన్ను ఎడిట్ చేసి పెట్టేసుకో," అంది క్లారా, వెళ్ళేముందు. పెళ్ళికి రాలేని చుట్టాల్ని ఆల్బంలో అతికించినట్టే.

రాత్రి తొమ్మిదింటికి ఫోటోలు వచ్చాయి. ప్రాగ్‌లో పాత వంతెన మీద, పక్కనున్న గాలి మీద చెయ్యేసి నవ్వుతోంది క్లారా. ఆ నవ్వు చూడగానే నీరజకి కుళ్ళు పుట్టింది. రెండో ఫోటోలో రాళ్ళు పరిచిన సందు. క్లారా ఒక్కతే ఉంది, నేల మీద నీడలు మాత్రం రెండు. మూడోదాంట్లో క్లారా కోటు, భుజం దగ్గర ఎవరో పట్టుకున్నట్టు ముడతలు పడి ఉంది.

"నా చోట్లో ఎవరే?" అని మెసేజ్ పెట్టింది నీరజ.

వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఎవరుంటారే? ప్రామిస్, నీ చోటు ఖాళీగానే ఉంది."

క్లారా మాట ఆగాక, ఫోనుకి మరీ దగ్గరగా ఎవరో నవ్వారు. చివర్లో ఎక్కిలి వచ్చే ఆ నవ్వు అచ్చం నీరజదే.

ఇంట్లో చప్పుడు లేదు. భయం తర్వాతెప్పుడో వేసింది. ముందు మాత్రం, అక్కడ నవ్వుతున్నదాని మీద నీరజకి ఒళ్ళు మండిపోయింది.