పొట్టేలుకు కట్టిన గాలం దారం

"రెండు చీరెలొచ్చే డబ్బులు పెట్టి దారం కొన్నావా?" అని విజయ అడిగేసరికి శివకృష్ణ పార్శిల్ చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు.

అది ఉత్త దారం కాదని, ఫ్లోరోకార్బన్ లైనని, గాలాలకు కట్టేవాటిలో ఇంతకు మించింది లేదని భార్యకు ఓపిగ్గా చెప్పాడు. నీళ్లలో వేస్తే చేప కంటికి ఆనదు. నీళ్లు పీల్చదు, ఎండకు పెళుసెక్కదు, రాయికి ఒరుసుకున్నా తెగదు. ఇదంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నదే. అయితే గిద్దలూరులో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం తనది కాబట్టి, ఏ తీగనైనా వేళ్ల మధ్య పెట్టి రుద్దితే చాలు, దాని జాతకం చెప్పేయగలనని అతని నమ్మకం. ఊళ్లో ఆ నమ్మకం ఇంకెవరికీ లేదు.

"చేపలకు దారం కనపడదు సరే. మాకు ఇంతవరకు చేపే కనపడలేదే" అంది విజయ.

అది నిజమే. ఆదివారం వచ్చిందంటే అతను గాలం పట్టుకుని కంభం చెరువుకు పోవడం, పొద్దుగూకాక చేతులూపుకుంటూ రావడం ఆ ఇంట్లో మామూలైపోయింది. తప్పంతా పాత దారానిదని అతనంటాడు, పట్టుకునే మనిషిదని ఆమె అంటుంది. ఆరోజు మాటా మాటా పెరిగి పందెం దాకా పోయింది. కొత్త దారం గట్టిదని తేలితే విజయ ఇక చెరువు మాట ఎత్తదు. తెగిందంటే మాత్రం గాలం అటకెక్కించి, ఆదివారాలు శివకృష్ణ తన నాయన కాటమరాజు వెంట గొర్రెలు తోలుకుని అడివికి పోవాలి. పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు.

శివకృష్ణ ఒప్పుకున్నాడు. వారమంతా మోటార్ల రొద వినే మనిషికి ఆ గట్టు మీద కూర్చోవడం ఒక్కటే సుఖం. అది పోతే తనకేం మిగులుతుందని నిజంగానే దిగులు పడ్డాడు.

ఆ ఇంట్లో కొత్త తాడు కొంటే దాని గట్టితనం తేల్చడానికి ఒకటే పద్ధతి. మందలోని పెద్ద పొట్టేలును పొద్దంతా దాంతో కట్టేస్తారు. సాయంత్రానికి నిలిస్తే అది తాడు, లేకుంటే పొయ్యిలోకి. తాడుకు పెట్టే పరీక్షే గాలం దారానికీ పెడదామని శివకృష్ణకే తోచింది. అంత మంచి ఆలోచన తనకే వచ్చినందుకు కాసేపు మురిసిపోయాడు కూడా.

మరునాడు గొర్రెలకు కడుపులో నట్టలు పోయే మందు తాగించాలని కాటమరాజు మందను దొడ్లోనే ఆపాడు. పొట్టేలు మెడపట్టీకి ఒక కొస, వేపమొద్దుకు ఒక కొస కట్టి, శివకృష్ణ ఎదురుగా మంచం వాల్చుకుని కూర్చున్నాడు. దొడ్లో గొర్రె అరిచినప్పుడల్లా పొట్టేలు అటు లాగేది. అది లాగిన ప్రతిసారీ ఇతను మంచం మీంచి సగం లేచేవాడు. దారం మాత్రం బిగుసుకుని నిలిచింది. కాటమరాజు గొర్రె నోట్లో మందు పోస్తూ కొడుకును పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఇంకో గొర్రెను పట్టుకున్నాడు.

మధ్యాహ్నం సంగటి తిన్నాక శివకృష్ణ ఇంట్లోకి పోయి కాసేపు నడుం వాల్చాడు. పరీక్ష దారానికే గానీ తనకు కాదు కదా అనుకున్నాడు. లేచి కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పొట్టేలు మొద్దు దగ్గరే నిలబడి నింపాదిగా నెమరేస్తోంది.

శివకృష్ణ విజయను, తల్లి సుబ్బరత్నమ్మను కేకేసి పిలిచాడు. దారాన్ని వేళ్ల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని రుద్దాడు.

"పట్టుకుని చూడు. పొద్దున బిరుసుగా ఉన్నింది, ఇప్పుడు ఎట్ల మెత్తబడిందో. మంచి సరుకు వాడేకొద్దీ ఇట్లనే అయితాది. అదే నైలానైతే ఈపాటికి పుటుక్కుమని తెగిపోయుండేది. నా చేతి ఏళ్లకు తెలీదా ఏంది?"

విజయ పట్టుకుని చూసింది. ఆమెకేమీ తెలియలేదు. పందెం పందెమే కాబట్టి, ఆదివారాలు చెరువుకే పొమ్మని చెప్పి మొహం ముడుచుకుని లోపలికి పోయింది. శివకృష్ణ ఆ ముక్కను పారేయడానికి మనసొప్పక, ముడులు విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త దారం చుట్ట మీదే భద్రంగా చుట్టుకున్నాడు. ఖరీదైన వస్తువుకు విలువ కట్టడం అందరికీ చేతకాదని, అది కొందరికి పుట్టుకతో వస్తుందని అనుకుంటూ దొడ్డి గోడ పక్కగా నడిచాడు.

గోడ అవతల సుబ్బరత్నమ్మ మొగుణ్ణి అడుగుతోంది. మంద చుట్టూ కట్టే వల ఒకచోట చినిగిందట. కుట్టుకుందామంటే నైలాను దారం ఎక్కడా దొరకలేదట.

"అది నేనే పొట్టేలుకు కట్టినా" అన్నాడు కాటమరాజు. "వాడి దారం మద్యాన్నమే తెగిపాయె. పొట్టేలు వచ్చి మందలో పడింది. పట్టుకపోయి, మన వల దారంతో మళ్లా మొద్దుకు కట్టేసి వచ్చినా."

తెగింది తెగినట్టు చెప్పుంటే ఆదివారాలన్నా నీకు తోడు దొరికేది కదా, మోకాళ్ల నొప్పులతో ఒక్కడివే ఎందుకు అగచాట్లు పడతావని సుబ్బరత్నమ్మ నిష్ఠూరమాడింది.

"వాడు నా ఎంట వస్తే, నేను గొర్లను కాయాల్నా, వాణ్ణి కాయాల్నా?" అన్నాడు కాటమరాజు.